ఆవిరిలో ఉప్పు

మా అత్తమ్మ ముక్కు గురించి కంఠేశ్వర్‌లో మా గల్లీ అంతా గొప్పగా చెప్పుకునేది. ఉడుకుతున్న పప్పు మీదికి కొంచెం వంగి, అరచేత్తో ఆవిరిని ముఖం వైపు విసురుకుని, కళ్లు మూసుకుని "ఉప్పు తక్వైంది" అనేది. నాలుక మీద చుక్క పడకుండానే చెప్పేది. ఉప్పుకు వాసన ఉండదని నేను బడిలో చదువుకున్నాను. ఉండదు, నిజమే. కానీ ఉప్పు పడిన పప్పు ఆవిరి వేరు, పడని పప్పు ఆవిరి వేరు. పొయ్యి దగ్గర పెరిగినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. నాకూ తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.

నేను పుట్టింది ఎడపల్లి దగ్గర, చెరకు చేన్ల మధ్య. నా చిన్నతనంలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచేది. చెరకు ఆడే రోజుల్లో మడ్డి వాసన ఊళ్ల మీద పడేది. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి రసం అది. చుట్టాలు బస్సు దిగుతూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. "గీ వాసనల ఎట్ల బతుకుతుండ్రే?" అని అడిగితే నన్ను కన్న మా అవ్వ అటూ ఇటూ చూసి "ఏం వాసన?" అనేది. నటన కాదు, పాపం, నిజంగానే ఆమెకు తెలిసేది కాదు.

ముక్కు సంగతే అంత. కొత్త వాసన వస్తే ఇల్లు లేపుతుంది. అదే వాసన రోజూ ఉంటే ఇక పట్టించుకోదు. పొద్దున కట్టుకున్న చీర కాసేపటికి ఒంటి మీద ఉన్నట్టే గుర్తుండదు చూడండి, అదీ అంతే. కోడళ్ల విషయం కూడా ఇంతేనని నాకు తర్వాత తెలిసింది. కొత్త కోడలు ముక్కు చీదితే గల్లీ అంతా వింటుంది, పాత కోడలు గుండెలు బాదుకున్నా ఎవరూ తల తిప్పరు.

పెళ్లయి మా అత్తగారింటి గడప దాటగానే నా ముక్కు బెదిరిపోయింది. అది బీడీలు చేసే ఇల్లు. మూలన తునికాకు కట్టలు, చాటల్లో తంబాకు, గోడలకు కూడా ఆ ఘాటే. పసుపు బట్టలతో కూర్చుని తుమ్మినదాన్ని తుమ్మినట్టే ఉన్నాను. వచ్చినవాళ్లు నవ్వారు. మా అత్తమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

"మా ఇంట్ల ఏం వాసనొస్తుందే నీకు? మాకెవ్వలకు వస్తలేదు గద!" అంది.

కొన్ని నెలలకు నాకూ రావడం మానేసింది. పుట్టింటికి పోయి వచ్చిన రోజు మాత్రం గడప దగ్గర మళ్లీ కొట్టేది. అప్పుడు ఊపిరి బిగబట్టి లోపలికి పోయేదాన్ని, తుమ్మితే మళ్లీ రామాయణం మొదలవుతుందని.

ఆ ఏడాది పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య అది. ఆ రోజు వంటను ముందుగా ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి అవుతుంది, ఎంగిలి అన్నం పెద్దలకు ముట్టదు. ఇంకో కట్టు కూడా ఉంది. పెద్దలకు పెట్టిన అన్నానికి వంక పెట్టకూడదు, విస్తరిలో మెతుకు వదలకూడదు. ఎట్లా ఉన్నా కళ్లకద్దుకుని తినాలి.

ఆ రోజు పప్పు నన్ను చేయమన్నారు. అవ్వ నేర్పిన చేతి కొలతతో ఉప్పేశాను, ఆవిరి చూసుకున్నాను, సరిపోయిందని దించాను. అత్తమ్మకు చూపించలేదు. చూపించాలని నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దలకు పెట్టడం అయ్యాక అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అందరికీ వినపడేలా అంది.

"బోధన్ మడ్డి వాసనకు మా కోడలి ముక్కు సచ్చిపోయింది. పప్పుల ఉప్పే లేదు. గిసొంటి చేతి అన్నం మన పెద్దలకేం ముడుతది?"

వంక పెట్టకూడదన్న కట్టు ఆమె నోటికి లేదు. ఆడబిడ్డ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా మామయ్యకు అన్న అయిన పెద్దబాపు మీసాల్లో నవ్వుకున్నాడు. మా ఆయన విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను నా విస్తరిలోని పప్పు తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. సరిగ్గా అంటే సరిగ్గా. అది తిన్న ప్రతి నాలుకకూ తెలుసు, ఒక్క నాలుకా కదలలేదు. ఆ నవ్వులు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ముక్కు మరిచిపోతుందేమో గానీ చెవి మరిచిపోదు.

ఆ మర్నాడే ఉప్పు జాడీ వంటింట్లోంచి పోయింది. అత్తమ్మ దాన్ని తను బీడీలు చేసే గద్దె పక్కన పెట్టుకుంది. ఇక అప్పటి నుంచి ఏ కూర వండినా గిన్నె పట్టుకుని ఆమె ముందు నిలబడాలి. ఆమె ఒళ్లో చాట దించకుండానే వంగి ఆవిరి విసురుకునేది, కళ్లు మూసేది, నన్ను నిలబెట్టేది. తర్వాత జాడీ మూత తీసి తన వేళ్లతో ఉప్పు వేసేది. నా పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు. నేను చిటికెడు ఉప్పుకు చేతులు కాల్చుకుంటూ గిన్నెతో నిలబడుతూనే ఉన్నాను. పొరుగింటి అక్క అడిగింది ఒకసారి, "నీ ఇంట్ల నీకు ఉప్పు మీద గూడ హక్కు లేదానే?" అని. నవ్వి ఊరుకున్నాను. లోపల పళ్లు నూరుకున్నాను. నాకు నగలొద్దు, ఇల్లొద్దు, ఆ జాడీ కావాలి. అది కూడా నేను అడిగి తీసుకోను, ఆమె తనంతట తానే నా ముందుకు జరపాలి. అట్లా అని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

కరోనా మా ఇంటికి వచ్చినప్పుడు అందరం పడ్డాం. నాకు వాసన పోయింది, రుచి పోయింది. అన్నం నములుతుంటే తడి గుడ్డ నమిలినట్టుండేది. ఇక రాదేమోనని ఏడ్చాను కూడా. ఒక రోజు పొద్దున చీపురు పట్టుకుని వంగితే గుప్పుమని తంబాకు ఘాటు కొట్టింది. పెళ్లినాడు కొట్టినంత గట్టిగా. అక్కడే తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. ఇంత సంతోషంగా నేనెప్పుడూ తుమ్మలేదు.

అత్తమ్మను అడిగితే "నాకేం పోలే. నా ముక్కు గట్టిది" అంది.

సరే అనుకున్నాను. కానీ ఒక సాయంత్రం నేను బట్టలు తీయడానికి మిద్దె మీదికి పోయి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. వాసన మెట్ల దాకా వచ్చింది. అత్తమ్మ వంటింటి గుమ్మం పక్కనే గద్దె మీద కూర్చుని తాపీగా బీడీకి దారం చుడుతోంది. నేను పొయ్యి ఆర్పుతూ ఆమె ముఖం చూశాను. నిమ్మకు నీరెత్తినట్టుంది.

మర్నాడు ఉప్పు ఒక్క పలుకు కూడా లేని పప్పు ఆమె ముందు పెట్టాను. ఆవిరి విసురుకుంది, కళ్లు మూసింది, ఎప్పటిలాగే కాసేపు నన్ను నిలబెట్టింది. "జర తక్వైంది" అని చిటికెడు వేసింది. ఇంకో రోజు నేనే నిండుగా ఉప్పేసి తీసుకెళ్లాను. అదే విసురు, అదే మాట, అదే చిటికెడు. భోజనంలో తను కూడా ఆ కూరే తిని చేయి కడుక్కుంది, ముఖం చిట్లించలేదు. ఓహో అనుకున్నాను. ముక్కూ పోయింది, నాలుకా పోయింది, పెత్తనం మాత్రం అట్లాగే ఉంది!

ఎవరికీ చెప్పలేదు. బియ్యం డబ్బా వెనక ఒక ఉప్పు ప్యాకెట్ దాచుకున్నాను. ఆమె చిటికెడు పోను మిగిలింది ముందే వేసి గిన్నె పట్టుకెళ్లేదాన్ని. కూరలు రుచిగానే ఉండేవి, అత్తమ్మ ముక్కుకు పేరు పోలేదు. ఇది దయ అనుకునేరు, కాదు. నేనూ ఆ కూరే తినాలి కదా. పైగా ఆమె పరువు గల్లీలో ఒక్కొక్కరి ముందు కొంచెం కొంచెంగా పోవడం నాకు సరిపోదు. నా పరువు ఎక్కడ పోయిందో అక్కడే పోవాలి, వాళ్లందరి ముందే పోవాలి. నేను పెత్రమాస కోసం ఆగాను.

ఆ రోజు తెల్లవారగానే తలస్నానం చేసి పొయ్యి వెలిగించాను. పప్పు, మటన్, పచ్చిపులుసు. మూడింటికీ నా చేతి కొలతతో నిండుగా, సరిగ్గా ఉప్పేశాను. అప్పుడు ఒక్కో గిన్నె తీసుకెళ్లి అత్తమ్మ ముందు పెట్టాను. పండుగ కదా, ఆమె మరీ శ్రద్ధగా వంగింది.

"ఉప్పేసినవా నువ్వు?"

"జాడీ నీ దగ్గరే ఉండె గద అత్తమ్మా."

ఆమె చిటికెడు కాదు, గుప్పెడు తీసింది. చేయి పట్టుకుని ఆపొచ్చు. ఎందుకు ఆపాలి? మూడు గిన్నెల్లోనూ వేయించుకుని, బాగా కలిపి, కళ్లకద్దుకుని తీసుకొచ్చాను.

పెద్దల ఫోటోల ముందు పెట్టాం. మిద్దె మీద కాకికి పెట్టాం. కాకి వచ్చి ఒక ముక్క ఎత్తుకుంది, అందరూ సంతోషపడ్డారు, అది మళ్లీ వెనక్కి రాలేదు. తర్వాత విస్తళ్లు పరిచాం. పెద్దబాపు మొదట కూర్చున్నాడు, పక్కన ఆర్మూర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ, ఆ తర్వాత మా ఆయన, మిగతా వాళ్లు. అత్తమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఈ మధ్య ఆమె అందరి తర్వాతే తింటోంది. నేను వడ్డించాను.

మొదటి ముద్దకే పెద్దబాపు దవడ ఆగిపోయింది. మింగాడు. నీళ్ల గ్లాసు ఎత్తి దించకుండా తాగాడు. ఆడబిడ్డ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన నా వైపు చూశాడు, నేను పప్పు గిన్నె వైపు చూశాను. ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు, అత్తమ్మ ముఖం చూడాలి అని నేను ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. వంక పెట్టొద్దు కదా! నాకు లేని కట్టు ఆమెకు వచ్చేసరికి అందరికీ గుర్తొచ్చింది. ఉండండి మీ పని చెప్తా అనుకున్నాను.

"పెద్దబాపు, ఇంకింత పప్పు ఏసుకో. పెద్దలకు వెట్టింది, కాదనొద్దు" అని గరిటెడు వేశాను.

"సాలు బిడ్డా, సాలు..."

"వదినా, నీకు మటన్ ఇష్టం గద!" అని ఆమె విస్తరిలో ఇంకో గరిటె.

మెతుకు వదలకూడదు. తిన్నారు. అప్పటి పెత్రమాసకు నవ్విన నోళ్లన్నీ తిన్నాయి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలని మా అవ్వ ఊరికే అనలేదు. నేను బిందె పట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. మాటలు లేవు, గ్లాసుల చప్పుడు, గుటకల చప్పుడు, అంతే.

ఆ చప్పుడే అత్తమ్మను పట్టుకుంది. ముక్కు చెప్పనిది చెవి చెప్పింది. కుర్చీలో ముందుకు జరిగి ఒక్కో గ్లాసునూ చూసింది.

"గిదేంది, అందరు గిన్ని నీళ్లు తాగుతుండ్రు?"

ఎవరూ తల ఎత్తలేదు. ఆమె లేచి వచ్చి పప్పు గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆగింది. మళ్లీ ముంచింది. మటన్ గిన్నెలో ముంచింది. గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. చల్లబడిన గిన్నెలో ఆవిరి కూడా లేదు. అప్పుడు నా వైపు తిరిగింది. నా వైపే, కొడుకు వైపు కాదు, కూతురి వైపు కాదు.

"ఎక్వైందా? తక్వైందా?" అంది.

గది గదంతా విన్నది. ఆవిరి చూసి ఉప్పు చెప్పే మనిషి పప్పు నాలుక మీద పెట్టుకుని ఎక్కువో తక్కువో చెప్పమని కోడలిని అడుగుతోంది. ఆడబిడ్డ నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్లు గిన్నె పట్టుకుని నేను ఆమెను అడుక్కున్నది ఈ మాటే. ఒక్క మాట చెప్తే ఆమెకు తెలిసిపోతుంది, ఎటు తప్పిందో తెలిస్తే రేపు దిద్దుకుంటుంది. నేను ఆ ఒక్క మాట కూడా ఇవ్వదలుచుకోలేదు.

"సరిపోయింది అత్తమ్మా" అన్నాను. "మంచిగుంది."

ఆమె వరుసగా అందరి ముఖాలూ చూసింది. అందరూ విస్తళ్లలోకే చూస్తున్నారు, ఒకప్పుడు మా ఆయన చూసినట్టు. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఆ పూట ఇక లేవలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక నేల బండల మీద జాడీ ఈడ్చిన చప్పుడైంది. అత్తమ్మ దాన్ని గుమ్మం దాటించి నా కాళ్ల దాకా జరిపింది. మూత తీసి, ఆమె చూస్తుండగానే నా చేత్తో పప్పులో ఉప్పేశాను.

ఇప్పుడు రోజూ ఆమెకు నేనే వడ్డిస్తాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ "ఎట్లుందే?" అంటుంది. సరిపోయింది అంటాను. చాలా రోజులు అది నిజమే. అన్ని రోజులూ కాదు. ఏ రోజు ఏదో ఆమెకు తెలియదు. అందుకే ముద్ద నములుతున్నంతసేపూ నా ముఖం చూస్తూ ఉంటుంది. నేను ముఖంలో ఏమీ కనపడనివ్వను.