కుప్పం జీపు బోల్టు

పెట్రోలు వాసన ముందే వచ్చింది. షెడ్డులో ఎప్పుడూ ఉండేదేగా అని పట్టించుకోలేదు. జీపు కింద పడుకున్న మామ గ్యాస్ లైటరు నొక్కిన చప్పుడు వినబడగానే మాత్రం పిల్లలకేసి ఉరికాను.

నిన్న మా గేటు గొళ్లెం పట్టేసిందని మా ఆయన తుప్పు వదిలించే స్ప్రే డబ్బా కొనుక్కొచ్చాడు. ఐదు నిమిషాల్లో గొళ్లెం కదిలింది. ఐదే నిమిషాలు! పిల్లలు పడుకున్నాక ఆ డబ్బాను ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పుంగనూరులో పాత జీపులూ కార్లూ బాగుచేసే షెడ్డు ఆయనది. ఎంత పెద్ద మనిషి వచ్చినా లేచి నిలబడేవాడు కాదు గానీ, తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టంటే మాత్రం ఆయనకు మహా గౌరవం. ముందు ఇనుప బ్రష్షుతో తుప్పు గీకేవాడు. వాడేసిన ఇంజిన్ ఆయిల్లో కాస్త కిరోసిన్ కలిపి చుక్కచుక్కగా పోసి, సుత్తితో మెల్లగా తట్టి, ఆ రాత్రికి దాని మానాన దాన్ని వదిలేసేవాడు. మరునాడు విప్పేటప్పుడు కూడా ముందు ఒక పిసరు బిగించి, ఆ తర్వాతే వదులు చేసేవాడు. "ఇది అలిగిన అల్లుడమ్మా. బతిమాలితే వస్తాడు, లాగితే తెగిపోతాడు" అని మా నాన్న వైపు చూసి నవ్వేవాడు. రేషన్లో కిరోసిన్ రావడం మానేశాక దాని బదులు పెట్రోలు కలిపేవాడు. పొద్దుటికి పెట్రోలు ఆవిరై నూనె ఒక్కటే మిగిలేది. అప్పటికీ బోల్టు మొండికేస్తేనే గ్యాసు గొట్టం వెలిగించి మంట చూపించేవాడు.

రెండేళ్ల కిందట మా చిన్నోడికి పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాం. పిల్లాడు మేనమామ ఒళ్లో కూర్చోవాలి. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ ఒడి మా మామదే. ముందురోజు పిల్లలిద్దరినీ తీసుకుని, ఆయన్ని మదనపల్లెకు పిలుచుకురావడానికి పుంగనూరు వెళ్లాను. ఆయనేమో కుప్పం నుంచి వచ్చిన ఒక జీపు కింద ఉన్నాడు. మరునాడే దాని ఆసామి బండి కోసం వస్తాడట. ఒక్క బోల్టు రావడం లేదు. అప్పుడే దానికి నూనె పోశాడు.

"రాత్రికి నాననీమ్మా. పొద్దున్నే ఇప్పి, బండి అప్పజెప్పి వస్తా. యాల తొందర?"

"ముహూర్తం పొద్దున్నే మామా! నువ్వు లేకుంటే పిల్లోడ్ని యాడ కూర్సోబెట్టేది, నీ బోల్టు ఒళ్లోనా?"

"అంతా మీయమ్మ నోరే వచ్చిండాది నీకు" అని నవ్వాడు. నేను నవ్వలేదు. బస్సుకు టైమవుతోందన్నాను. కాసేపాగి మళ్లీ అన్నాను. ఆయన గ్యాసు గొట్టం లాక్కుని జీపు కిందికి దూరాడు.

లైటరు చప్పుడుకే పిల్లలిద్దరినీ చెరో చంకన ఇరికించుకుని బయటికి పరుగెత్తాను. అరిచాను కూడా. నా నోట వచ్చినవి పిల్లల పేర్లే. మామా అన్న మాట రాలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి జీపు కిందంతా మంట. టీకొట్టు వాళ్లు ఇసుక చల్లి, కాళ్లు పట్టి ఆయన్ని బయటికి లాగారు. మదనపల్లె ఆసుపత్రికి వచ్చే దారిలో ఆయనకు స్పృహ ఉంది. "పిల్లోల్లకు ఏమీ కాలేదు గదా?" అని రెండుసార్లు అడిగాడు. సాయంత్రానికి పోయాడు.

మరునాడు పొద్దున్నే పాప నా దగ్గరికొచ్చింది. "అమ్మా, తాత కుప్పం నుంచి ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. జీపు ఇచ్చేదానికి పోయినాడని ఇంట్లో ఎవరో చెప్పారట. చిన్నోడికి ఇంకా మాటలు అర్థమయ్యే వయసు లేదు. అయినా వాడినీ దగ్గరికి తీసుకున్నాను.

"రాడమ్మా. తాత చచ్చిపోయినాడు. ఒక్క రాత్రి ఆగుదామన్నాడు. నేనే ఆగనీలేదు."