ప్రమీలాంటీ తెల్లచీర

మస్కట్‌లో ఆస్పత్రి ల్యాబులో పనిచేసే నాకు సెలవు దొరకడమంటే గగనకుసుమమే. ఏళ్ల తర్వాత వచ్చి తార్నాకలో మెట్రో దిగితే ఊరు నన్ను గుర్తుపట్టలేదు. నేనూ దాన్ని గుర్తుపట్టలేదు, చెల్లుకు చెల్లు.

నేరుగా యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచాను. మా నాన్న నరహరి అక్కడ లైబ్రరీలో అటెండరు. మేమున్న క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు. తంగేడు పొదల మధ్య మా అమ్మ బట్టలుతికిన బండ మాత్రం మిగిలింది. దానిమీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అమ్మానాన్నలు పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. నాకు కావలసింది ఒక్కటే, ఒడిబియ్యం. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికొస్తే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ కొంగులో పోసి పంపుతారు మావాళ్లు. ఆ పిల్ల కూడా వెళ్లేముందు అందులోంచి కొన్ని పిడికిళ్లు పుట్టింట్లో పోసి పోవాలి, ఆ ఇల్లు వట్టిది కాకూడదని. ఇల్లే లేనిదానికి ఎవరు పోస్తారు? నేను ఎక్కడ పోసి వెళ్లాలి?

ఆ సాయంత్రం ప్రమీలాంటీ భోజనానికి పిలిచింది. ఆమెది గుంటూరు వైపు. ప్రభుదాసు అంకుల్‌కు యూనివర్సిటీలో గుమస్తా ఉద్యోగం రావడంతో, పెళ్లయిన కొత్తలో మా పక్క క్వార్టర్లో దిగింది. మా భాష విని మొదట్లో నవ్విందట. మా అమ్మ ఊరుకుంటుందా, ఆమె వంకరటింకరగా చుట్టిన సకినాలను చూసి అంతకు రెట్టింపు నవ్వింది. ఆ నవ్వుల మీదే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పి, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పి, మోకాళ్లు అరిగాక ఆమె తార్నాక సందులో ఒక చిన్న ఫ్లాటులో చేరింది. నోరు మాత్రం అరగలేదు.

"ఏంటే నవతా, ఇలా చిక్కిపోయావు? అక్కడ తిండి పెట్టరా?"

"ఎవరు పెడతరు ఆంటీ? నేనే వండుకోవాలె గదా."

తిన్నాక లేవబోతుంటే కూర్చోమంది. అంకుల్ లోపలినుంచి స్టీలు బేసిన్ మోసుకొచ్చాడు. దాని నిండా పసుపు బియ్యం, పైన కుడుకలు.

"మీ అమ్మ నీకు పోస్తుంటే గోడ మీంచి నేను చూడలేదూ? నువ్వొస్తున్నావని తెలిసినప్పట్నుంచీ కుడుకల కోసం మీ అంకుల్ని తిప్పుతూనే ఉన్నాను. లే, కొంగు పట్టు."

కొంగేదీ? నేను వేసుకున్నది చుడీదార్.

"కొంగు లేకుండా వచ్చావేంటే!" అని తిడుతూ బీరువా తెరిచింది. చేతికందింది ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర. దాన్నే నా చుడీదార్ మీద చుట్టేసింది. ఒడిబియ్యానికి తెల్లచీరా! మా అమ్మ ఉంటే ఇల్లు పీకి పందిరేసేది. ఆంటీకి ఆ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు. ఆమె దోసిళ్లతో పోస్తుంటే తెల్లకొంగంతా పసుపు అంటుకుంది. బొట్టు పెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు. నా తలమీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, నన్ను యేసయ్యకు అప్పగించింది. అంకుల్ "ఆమెన్" అన్నాడు. నేనూ అన్నాను.

బయల్దేరేముందు కొన్ని పిడికిళ్లు వేరుగా రుమాలులో కట్టుకున్నాను.

"అదెందుకు?" అంది ఆంటీ.

"మా క్వార్టరున్నకాడ పోసి పోత ఆంటీ. పుట్టింట్ల పోయాలె గదా."

"అక్కడెవరున్నారే, పావురాలా?" ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి బియ్యం డబ్బా మూత తీసింది. "ఇందులో పొయ్యి."

పోశాను. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ బియ్యాన్ని తెల్ల బియ్యంలో కలిపేసింది.

"అయితే రేపు మనకు పసుపు అన్నమే," అన్నాడు అంకుల్ గుమ్మంలోంచి.

"ఉండనీయండి. పిల్ల పుట్టింటికొచ్చి వెళ్తోంది మరి," అంది ప్రమీలాంటీ, డబ్బా మూత గట్టిగా బిగిస్తూ.