దొరకని నూట అరవై నాలుగు పేర్లు

2008 మార్చిలో, చీరాలకు గంట ప్రయాణం దూరంలోని ఒక మండల కార్యాలయంలో, ఒకే సాయంత్రం నూట అరవై నాలుగు రేషన్ కార్డులు రద్దు కావలసి ఉన్నాయి. ఐదు గంటలకల్లా జాబితా కింద కంప్యూటర్ ఆపరేటర్ సంతకం పడితే చాలు. ఆ ఆపరేటర్ సిద్దికా. ఆమెది ఏటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. పొడిగింపు కాగితం రాయవలసినవాడు సూపరింటెండెంటు బాపయ్య.

కార్డుల వివరాలు హైదరాబాదు సర్వరులో ఉంటాయి. ఇక్కడ తెలుగులో పేరు కొట్టి వెతికితే కొన్నిటికి "వివరాలు లేవు" అని వస్తోంది. అలాంటి ప్రతి పేరు ఎదుటా బాపయ్య ఒకే మాట రాయించాడు: వలస. ఏటా మిరప కోతలకు సగం పేటలు గుంటూరు వైపు తరలిపోతాయి. కనబడనివాళ్ళంతా కోతలకు పోయినవాళ్ళేనని ఆ కార్యాలయం ఏనాడో తీర్మానించుకుంది. నోటీసు లేదు, విచారణ లేదు. ఒక కుటుంబం అన్నం ఆపడానికి ఆ ఒక్క మాట చాలునట!

మధ్యాహ్నం మౌలాబీ వచ్చింది. ముందురోజే కోతల నుంచి తిరిగొచ్చింది. మిరప మంటకు వేళ్ళు తట్టుకోలేక కార్డును కొంగుతో పట్టుకుంది.

"రద్దు జాబితాలో పేరుందని డీలరు బియ్యం పొయ్యనన్నాడమ్మా. నేను ఊళ్ళో లేనంట!"

సిద్దికా వెతికింది. వివరాలు లేవు.

"వలస," అన్నాడు బాపయ్య తలెత్తకుండా.

"ఏం వలసయ్యా? ఇక్కడ నిలబడింది నా దయ్యమా?"

సిద్దికా నవ్వలేదు. ఆమె తండ్రి హయాత్ చీరాలలో నేతగాడు. నేతలో తప్పు కనబడితే గుడ్డను తిట్టకమ్మా, ముందు మగ్గం చూడు, అనేవాడు. ఆమె ఈసారి పేరు వదిలి కార్డు నంబరుతో వెతికింది. మౌలాబీ వివరాలు వచ్చాయి, పేరు తెలుగులో చెక్కుచెదరకుండా ఉంది. తప్పు అడిగే తీరులో ఉందన్నమాట. నీకు అందిన పేరేమిటో తిరిగి చూపించమని సర్వరునే అడిగింది. మౌలాబీ అని పంపితే ఆరు ప్రశ్నార్థకాలు తిరిగొచ్చాయి.

సర్వరులో పేర్లను ఏ భాషకైనా చోటున్న యూనికోడ్‌లో దాచారు. కానీ ఇక్కడి ప్రోగ్రాం పేరును కొటేషన్లలో పెట్టి పంపుతూ, ఇది యూనికోడ్ అని చెప్పడం లేదు. చెప్పకపోతే సర్వరు దాన్ని తెలుగుకు చోటు లేని పాత పట్టికలోకి మార్చుకుంటుంది. పట్టికలో లేని ప్రతి గుర్తూ ప్రశ్నార్థకమవుతుంది. ఆరు ప్రశ్నార్థకాలు పేరుగా గల మనిషి కోసం గాలించి, లేదని చెబుతుంది. ఇంగ్లీషులో నమోదైన పేర్లకు ఈ గతి పట్టలేదు. కావలసింది కొటేషను ముందు, ఇది యూనికోడ్ అని చెప్పే ఒక్క పెద్ద N.

"ప్రోగ్రాం దిద్దడానికి నువ్వెవరమ్మా? టైమవుతోంది, సంతకం పెట్టు," అన్నాడు బాపయ్య ఆమె ఆ సంగతి చెప్పగానే.

"పెడతాను సార్. ఈవిడ పేరు పక్కన 'ఈమె మా ఎదుటే నిలబడి ఉంది' అని రాసి పెడతాను. పక్కనే మీ సంతకం కూడా కావాలి కదండీ."

బాపయ్య కలానికి మూత పెట్టాడు. "నీ పొడిగింపు కాగితం నా టేబుల్ మీదే ఉంది. గుర్తుందా?"

"ఉంది సార్."

అని, వెతుకులాట వాక్యంలో N చేర్చి మళ్ళీ అడిగింది. తెర మీద మౌలాబీ పేరు వచ్చింది.

"అయితే నేను ఊళ్ళో ఉన్నట్టేనా?"

"ఎప్పుడూ ఉన్నారమ్మా. మేమే సరిగ్గా అడగలేదు."

అక్కడితో ఆగితే ఆమె సిద్దికా కాదు. జాబితాలో కార్డు నంబర్లు లేవు కనుక మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటే అడిగింది. నాలుగున్నరకు నూట అరవై ఒక్క పేర్లు దొరికాయి. మూడు మాత్రం రాలేదు.

"ఈ ముగ్గురినైనా కొట్టేయనిస్తావా, తల్లీ?" అన్నాడు బాపయ్య వెటకారంగా.

"వీళ్ళ పేర్లు వేరేలా నమోదై ఉండొచ్చు సార్, వీళ్ళు కోతల్లోనైనా ఉండొచ్చు. తిరిగొచ్చి జవాబు చెప్పుకోనివ్వండి."

దొరికిన పేర్లను జాబితాలోంచి తీసేసి, ఆ మూడు పేర్ల ఎదుట 'వలస' కొట్టేసి, 'నోటీసు ఇవ్వవలసి ఉంది' అని తన చేత్తో రాసింది. అప్పుడు సంతకం పెట్టింది.