యాదమ్మ తెచ్చిన జపాన్ దేవుడు

కరోనా తర్వాత షాపులు మళ్లీ తెరిచిన ఏడాది అది. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో పాత వస్తువులు కొనడం, బాగుచేయడం, అమ్మడం నా పని. ఓ మధ్యాహ్నం యాదమ్మ అనే ఆవిడ స్టీలు డబ్బాలోంచి బొటనవేలంత చెక్క బొమ్మ తీసింది. బానపొట్ట, నోరారా నవ్వు, భుజాన మూట. జపాన్ వాళ్ల అదృష్ట దేవుళ్లలో ఒకడైన హోతెయ్! ఇలాంటి బొమ్మను నెట్సుకే అంటారు. జేబుల్లేని బట్టల కాలంలో, నడుముకు వేలాడే సంచి జారిపోకుండా తాడుకు కట్టుకునేవారు. ఇది అసలు సరుకే.

"చెవి ఇరిగింది సార్, జెర అతికియ్యున్రి."

"ఎక్కడిదమ్మా?"

"సైనిక్‌పురిల వంట జేస్త. మా పెద్దసారు ఇచ్చిండు. ఆయన పోయిండిప్పుడు."

చచ్చిపోయినాయన ఇచ్చాడట! నాకు ఒళ్లు మండింది. దొంగసొత్తు దొరికితే పోలీసులు పట్టుకునేది నన్నే. లూప్‌తో, అంటే కంటికి ఆనించుకునే భూతద్దంతో చూస్తే, పొట్ట మడతల్లో ఎర్రటి మరక. ఆనవాలు దొరక్కుండా రంగు పూసిందేమో అనుకున్నాను. ఆ ఇంటి మేడమ్ నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పింది. అదీ అనుమానంగానే తోచింది. బొమ్మ ఉంచుకుని, ఆవిణ్ణి రేపు రమ్మని పంపేసి మేడమ్‌కు ఫోన్ చేశాను.

మర్నాడు యాదమ్మ కంటే ముందే మేడమ్ దిగింది.

"పోయిన దసరాకి ఈ బొమ్మను మా షోకేసులో నేనే తుడిచానండీ! ఇవాళే ఆ యాదమ్మను పనిలోంచి తీసేస్తాను."

అప్పుడే వచ్చిన యాదమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "సారే ఇచ్చిండమ్మా, పదేండ్లాయె. కుబేరుడనుకొని శుక్రారం శుక్రారం బొట్టు వెడుతున్న."

బొట్టా! గబగబా లూప్ తీసి, మడతలో సూదితో గీకాను. కుంకుమ, దాని కింద నూనె జిడ్డు, మళ్లీ కుంకుమ. పొరలు పొరలుగా రాయిలా గట్టిపడింది. ఒక్క ఏడాదిలో పేరుకునేది కాదు.

"మేడమ్, షోకేసులో బొమ్మకి మీరు బొట్టు పెట్టేవారా?"

"లేదండీ..." ఆవిడ ముఖం పాలిపోయింది. "నేను తుడిచింది వేరే బొమ్మేమో. పద యాదమ్మా, కారెక్కు."

"మీరు వోండ్రి అమ్మా. నేను బస్సుల వస్త."

బొమ్మను కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టుకుంది. చెవి ఊరికే అతికిస్తానన్నాను.

"వద్దు సార్. నిన్న మీ ముంగటనే కూసున్న గద. ఆ ఎరుపేందని నన్నే అడిగితె అయిపోతుండె."

సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు ఏ వస్తువు మీద మరక కనిపించినా, లూప్ తీయకముందే తెచ్చినవాళ్లను అడుగుతాను, చెప్పింది పూర్తిగా వింటాను. యాదమ్మ మాత్రం మళ్లీ నా మెట్టెక్కలేదు. ఆ దేవుడి చెవి ఇంకా విరిగే ఉండి ఉంటుంది.