ఖో పడిన తర్వాత

ఈ సాయంత్రం మా టీవీ తెర అడుగున ఒక ఆకుపచ్చ గీత మెల్లగా పొడవైంది. దాంతోపాటు హాలంతా జనం అరుపులతో నిండిపోయింది. టీవీ కింద కొత్తగా పెట్టించిన స్పీకర్ మోగితే మా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. సౌండ్ పెంచింది నాలుగేళ్ల మా పాప. పెంచమన్నది మా ఆయన. వచ్చే వారం వర్గల్ సరస్వతమ్మ గుడిలో పాపకు అక్షరాభ్యాసం. సోఫా అంచున కూర్చున్న మా అత్తమ్మ ఆ సంగతే ఎత్తింది. "గాడ పిల్ల చెయ్యి వట్టి పలక మీద రాయించేటప్పుడు, నేను గూడ..." అని ఆమె అంటుండగానే, "బుజ్జీ, జర సౌండ్ పెంచు," అన్నాడు మా ఆయన, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. చెడ్డ మనిషి కాడు. ఆఖరి ఓవర్లు నడుస్తున్నాయి. పాప రెండు బొటనవేళ్లతో రిమోట్ నొక్కి, చెప్పిన పని బాగా చేసినందుకు నా వైపు చూసి నవ్వింది. అత్తమ్మ మాట అక్కడే ఆగిపోయింది. కొంగు సర్దుకుని, తానూ మ్యాచే చూస్తున్నట్టు టీవీ వైపు తిరిగి కూర్చుంది.

అలా తిరిగిన ముఖాన్ని నేను ఇదివరకు ఒకసారి చూశాను. అది మా శకుంతల మేడమ్‌ది.

సిద్దిపేటలో నేను చదివిన ఆడపిల్లల బడిలో ఆమె ఆటల టీచర్. పొట్టి మనిషి. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో పుస్తెలతాడు, దాని పక్కనే విజిల్ తాడు. రెండూ ఎప్పుడూ చిక్కుపడేవి. "ఒకటి మా ఆయన కట్టిండు, ఒకటి సర్కారు కట్టింది. రెండూ ఇడువయి," అంటూ విడదీసుకునేది. గ్రౌండ్‌లో దిగే ముందు మాచేత నేలకు మొక్కించేది. ఎందుకని ఎవరో అడిగితే, "గుళ్లె ఉన్న దేవుడు తప్పు చేస్తే ఓపిక పడతడు. గీ దేవుడు అప్పటికప్పుడే మోకాళ్లు గీకుతడు. ముందుగాల్ల మొక్కుండ్రి," అంది. మేమంతా నవ్వాం. కానీ ఆ తర్వాత మొక్కకుండా దిగిన పిల్ల లేదు.

నేను అప్పుడూ భయస్తురాలినే. ఇప్పుడు పాప రెండుసార్లు దగ్గితే దవాఖానకు పరుగెత్తే నేను, అప్పుడు ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, ఉలిక్కిపడేదాన్ని. మేడమ్ మొదటి రోజే కనిపెట్టింది. "నీకు కాళ్లకన్న ముందు భయం ఉరుకుతదే," అని నవ్వి, ఖోఖో జట్టులో కూర్చోబెట్టింది. ఆ ఆటలో ఎనిమిది మంది వరుసలో, ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి ఎవరి వీపు తట్టి "ఖో" అంటే, వాళ్లు లేచి ఉరకాలి. తట్టక ముందు లేస్తే తప్పు. తట్టాక లేవకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. "భయపడేటోళ్ల చెవులు మంచిగుంటయి. నీ అంత జల్ది ఖో ఇనేటోళ్లు మన బళ్లె ఎవ్వరు లేరు," అంది మేడమ్. అంతకు ముందు నా భయాన్ని ఎవరూ పనికొచ్చే వస్తువుగా చూడలేదు.

తొమ్మిదో తరగతిలో వరంగల్ పోటీలకు నన్ను తీసుకున్నారు. రెండు రాత్రులు అక్కడే ఉండాలి. ఇంట్లో చెప్పలేకపోయాను. అందుకే ఒక ఆదివారం మేడమే ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. మా బాపు భీవండిలో మగ్గాల మీద పనిచేసి వచ్చి కొన్న కలర్ టీవీ ముందు కూర్చున్నాడు. ఇండియా మ్యాచ్. రిమోట్ చెడిపోయి చాలా రోజులైంది. మా ఇంటి రిమోట్ నేనే. టీవీ పక్కన నేల మీద, బటన్ల దగ్గర నా చోటు.

"అన్నా, పిల్ల మంచిగ ఆడుతది. రెండు దినాలు పంపుండ్రి. నా పక్కకే పండవెట్టుకుంట," అంది మేడమ్.

"బిడ్డా, సౌండ్ పెంచు," అన్నాడు బాపు.

అది జవాబని నాకు తెలుసు. బటన్ నొక్కాను. మేడమ్ కొంచెం గొంతు పెంచి మళ్లీ మొదలుపెట్టింది. "ఇంకింత," అన్నాడు బాపు. మళ్లీ నొక్కాను. మేడమ్ ఆగిపోయింది. టీవీ వైపు తిరిగి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ కూర్చుంది. నేను గుమ్మం వైపు తల తిప్పి, ఆమె బయట విప్పిన తెల్ల బూట్లు చూస్తున్నాను. ఆ పొద్దున్నే తెల్ల పాలిష్ పట్టించినట్టున్నాయి.

కాసేపటికి, "ఎన్ని కొట్టాలె అన్నా ఇంకా?" అని అడిగింది.

బాపు మొదటిసారి ఆమె వైపు చూశాడు. "ఎక్కువ లేవు. కొడతరు మనోళ్లు."

"ఎవరి పిల్లలో ఆడితేనే ఇంత పావురంగ, పానం వెట్టి సూస్తున్నవు. నీ బిడ్డ ఆడితే ఎట్ల సూస్తవో నాకు సూడాలనుంది."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. "సరే, దాన్నే అడుగుండ్రి. పోతనంటె పంపుత," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ఆయన మనసులో వద్దనే ఉందేమో, పోతానంటే రాత్రికి అమ్మను తిడతాడేమో, వరంగల్‌లో ఓడిపోతే అందరూ నవ్వుతారేమో... ఇవన్నీ ఒక్కసారే నన్ను చుట్టుముట్టాయి. నా వేలు బటన్ మీదే ఉంది. మేడమ్ గ్లాసు కింద పెట్టి లేచింది. నా వెనక్కి వచ్చి, వీపు మీద అరచెయ్యి ఆనించి, "ఖో," అంది.

నేను లేవలేదు.

మేడమ్ నా వీపు మీది చెయ్యి తీసింది. "పొయ్యొస్త అన్నా," అని బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది. నా చోటులో ఇంకో పిల్ల వరంగల్ వెళ్లింది. నేను చాలా రోజులు గ్రౌండ్ వైపు పోకుండా, నల్లా దగ్గర ఆమె కనపడితే పక్క సందులోంచి తప్పుకుంటూ తిరిగాను. ఒకరోజు ఎదురుపడనే పడింది. తిడుతుందనుకున్నాను. "ఏందే, మీ ఇంట్ల మ్యాచ్ గెలిచిన్రా?" అని అడిగింది. తల ఊపాను. "మంచిది," అని నా జడ సవరించి, "గా దినం నేనే ఖో మెల్లగ ఇచ్చినట్టున్న. నీకు ఇనవడలే. తప్పు నాదే తియ్. రేపు ఆటకు రా," అంది. తిట్టినా ఇంత కాలం గుర్తుండేది కాదేమో. వెళ్లాను. పదో తరగతి దాకా ఆడాను. ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కొన్నేళ్లకు ఆమె రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లిందని విన్నాను. నేను డిగ్రీ చదివాను, పెళ్లయింది, ఇల్లు మారాను. ఆమెను వెతికి కలుసుకోలేదు. కలిస్తే ఏం చెప్పాలో తెలియక.

ఈ సాయంత్రం పాప నవ్వుతుంటే, ఆ చిన్న బొటనవేళ్లలో నాకు నా వేలే కనిపించింది. నేను నేర్పలేదు. కానీ వద్దని కూడా ఎప్పుడూ అనలేదు. వంటింటి గుమ్మంలో, అచ్చం మా అమ్మ నిలబడ్డట్టే నిలబడి ఉన్నాను. చివరికి వెళ్లి పాప చేతిలోంచి రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాను. మా ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "అత్తమ్మా, ఏమో అంటున్నరు?" అని అడిగాను.

"ఏం లేదు తియ్ బిడ్డా. ఆట అయిపోనీ," అంది.

ఆట అయిపోయేసరికి ఆమె పడుకుంది. అక్షరం రాని మనిషి. "నేను గూడ" తర్వాత ఏముందో నేను ఊహించగలను. కానీ అది ఆమె నోటితో రావాలి. రేపు టీవీ పెట్టకముందే ఆమె పక్కన కూర్చుని అడగాలి. ఖో పడ్డాక ఇంత ఆలస్యంగా లేచినందుకు ఆమె ఏమీ అనదని తెలుసు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

నా వీపు మధ్యలో అరచేయంత చోటు ఇప్పటికీ వెచ్చగానే ఉంటుంది. మేడమ్ ఎక్కడున్నా ఈ ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు టీవీ అంత మోగుతున్నా, మీరు ఖో మెల్లగా ఇవ్వలేదు మేడమ్. నాకు బాగానే వినపడింది.