నీళ్ళు చూసి ఎంచుకున్న కాలేజీ

కొత్త ఊరి పేరు వినగానే మా నాయన అడిగే మొదటి మాట ఒకటే. "ఆడ బోర్లు ఎన్ని ఇంచులు పోస్తాయప్పా?"

పెళ్ళి సంబంధాలకూ అదే కొలత. మా పెద్దమ్మ కూతురికి ఉద్యోగం చేసే పిల్లవాడి సంబంధం వస్తే, ఆ ఊరికి ఎండాకాలం తాగునీళ్ళు ట్యాంకర్లో వస్తాయని తెలిసి, నాయన కాళ్ళు కూడా కడుక్కోకుండా లేచి వచ్చేశాడు. కోడుమూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో ఇదేమీ వింత కాదు. మా చేలో వేసిన బోర్లలో ఎక్కువ వాటి నుంచి దుమ్మే వచ్చింది. అలాంటి చోట పుట్టినవాడు నీళ్ళను కాక మరి దేన్ని నమ్ముతాడు?

కానీ మేం నా చెల్లెలి కాలేజీని కూడా అట్లాగే ఎంచుకున్నాం. అందులో నాయన తప్పు సగమైతే, నాది అంతకంటే ఎక్కువ. ఇన్నేళ్ళూ ఒక్క చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పకుండా తప్పించుకున్నాను.

చెల్లెలికి పదేళ్ళప్పుడు నాయన దాన్ని మొదటిసారి కర్నూలు మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు. ఉల్లిగడ్డలు కుప్ప పోశాం. వ్యాపారులు వచ్చారు, కాలితో ఒక గడ్డను తన్ని చూశారు, ఒక ధర చెప్పి పక్క కుప్ప దగ్గరికి పోయారు. చెల్లెలు అడిగింది, "మన గడ్డలకు ధర వాళ్ళు చెప్తాండారు ఏంది నాయనా? మనం చెప్పకూడదా?" పక్కనున్న హమాలీలు పకపకా నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. "అది చదువుకున్నోళ్ళకు తెలుస్తాది పాపా" అన్నాడు. పెద్దవాళ్ళు పిల్లలను ఊరుకోబెట్టడానికి అనే మాట అది. మా చెల్లెలు దాన్ని మనసులో పెట్టుకుంది.

ఇంటర్‌లో సీఈసీ తీసుకుంది. మంచి మార్కులు వచ్చాయి. వ్యవసాయ అర్థశాస్త్రం చదువుతానంది. పంట పండించడం ఎట్లాగో నాయనకు తెలుసు, పండిన పంట యాడికి పోతాదో, ఎందుకు ధర పడిపోతాదో నేను తెలుసుకుంటా అని ఇంట్లో అందరి ముందూ చెప్పింది. మా నాయన ఆ రోజు రెండు పూటలా అన్నం ఎక్కువ తిన్నాడు.

కాలేజీ చూసే పని నా మీద పడింది. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి కర్నూలులో జిరాక్సు షాపు పెట్టుకున్నవాణ్ణి. ఏటా జూన్‌లో పిల్లల మార్కుల మెమోలు, టీసీలు, కుల ధ్రువీకరణ పత్రాలు వందల కొద్దీ నా మిషను కిందుగా పోతాయి. అంత కాగితం చూసినవాడికి కాలేజీల గుట్టు తెలియదా అని నాకు ఒక పొగరు. చెల్లెలికి ఎకనామిక్స్ చెప్పిన మేడం నన్ను పిలిచి ఒక చీటీ రాసిచ్చింది. ఆ డిగ్రీకి గుర్తింపు ఉందా, ఎకనామిక్స్ చెప్పేవాళ్ళు ఎంతమంది, పాత బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారు, రెండో ఏడాది నుంచి ఫీజు ఎంత. "ఇవి అడక్కుండా చేర్పించొద్దు" అంది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మొదట కర్నూలులోనే ఒక పాత డిగ్రీ కాలేజీకి పోయాం. అక్కడ అర్థశాస్త్రం డిగ్రీలో వ్యవసాయ అర్థశాస్త్రం కూడా చెప్తారు. ఫీజు మాకు అందేదే, బస్సు పాసు ఉంటే చాలు. గోడలకు పెచ్చులు ఊడిపోయాయి. కానీ చెల్లెలికి ఒక సారు దొరికాడు. బోర్డు మీద గీతలు గీసి, వేరుశనగ ధర ఎక్కడ పెరిగి ఎక్కడ పడుతుందో చాలాసేపు చెప్పాడు. బయటికి వచ్చాక చెల్లెలు నడవలేదు, గంతులేసింది. నాయన మాత్రం వరండా చివర కుళాయి తిప్పి నిలబడ్డాడు. అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"పిల్లోళ్ళకు తాగేదానికి నీళ్ళు లేవు. వీళ్ళేం సెప్తారప్పా సదువు?" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు నాయన మాటకు ఒప్పుకోలు అని చెల్లెలికి అర్థమైంది.

రెండోది కడప దాటి కొండల వైపు పోతే వచ్చే ప్రైవేటు కాలేజీ. ప్రచార కాగితం మీద రంగు బొమ్మ చూసి నేనే కనుక్కున్నాను. డిగ్రీ పేరులోనే వ్యవసాయ అర్థశాస్త్రం అని ఉంది. మొదటి ఏడాదికి రాయితీ అన్నారు. ముగ్గురం పొద్దున్నే బయలుదేరి బస్సు దిగి, షేర్ ఆటోలో పోయాం. దారంతా ఎర్రమట్టి, బండలు, కంపచెట్లు. గేటు దాటామో లేదో నాయన ఆగిపోయాడు.

గుంట నిండా నీళ్ళు. దాని పక్కన మొక్కజొన్న చేను, పచ్చగా. ఒక పైపు నుంచి నీళ్ళు దబదబా పడుతున్నాయి. నాయన చెప్పులు విడిచి, పంచె పైకి కట్టుకుని కాలవలో దిగాడు. దోసిలి పట్టి తాగాడు. తలకు కూడా పూసుకున్నాడు.

"మూడించులు పోస్తాందిరా! ఈడ చేర్పిద్దాం."

నాయన ముఖం అంత వెలుగుగా అంతకుముందు ఒక్కసారే చూశాను, మా చేలో ఒక బోరు పడిన రోజు. ఆ బోరు రెండేళ్ళకే ఎండిపోయింది. చెల్లెలు నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది, "అన్నా, సార్లను ఒకసారి కలుద్దామా?" సెలవుల్లో ఉన్నారట అన్నాను. చీటీ నా జేబులోనే ఉంది. అన్ని నీళ్ళున్న చోట జేబులోంచి కాగితం తీసి ప్రశ్నలడగడం మర్యాద కాదనిపించింది. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. చెల్లెలు నాయన వైపు చూసి, "నాయనకు నచ్చింది కదా. సరేలే అన్నా" అంది.

అట్లా చేరింది.

నాయన ఆ నీళ్ళ గురించి చెప్పని మనిషి లేడు. టీ అంగడిలో, దర్గా కాడ అరుగు మీద, చివరికి మంత్రాలయం బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పాడు. ప్రతి ఆదివారం చెల్లెలికి ఫోను చేసేవాడు. తిన్నావా, పడుకుంటాండావా అని అడిగాక, చివర్లో తప్పకుండా అడిగేవాడు.

"నీళ్ళెట్లుండాయి పాపా?"

"బాగుండాయి నాయనా" అనేది.

మూడేళ్ళూ అదే ప్రశ్న, అదే జవాబు. మా అమ్మ విసుక్కునేది కూడా, బిడ్డ చదువు సంగతి అడగవు, ఎంతసేపూ నీళ్ళేనా అని.

డిగ్రీ అయ్యాక చెల్లెలు పై చదువుకు దరఖాస్తు పెట్టింది. పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. కాగితాలు చూసే రోజున ఆ డిగ్రీకి గుర్తింపు లేదని పక్కన పెట్టేశారు. అటునుంచి అటే నా షాపుకొచ్చింది. జిరాక్సుల కోసం పిల్లలు వరసలో ఉన్నారు. అదీ వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక కాగితాలు నా ముందు పెట్టి, "అన్నా, ఇవి ఎన్ని కాపీలు తీసినా పనికి రావంట" అంది.

మిషను ఆపేసి, పిల్లలను పంపించేశాను. ఆ రోజే మొత్తం చెప్పింది. అడ్మిషన్ల నెలలో ట్యాంకర్లు పెట్టి ఆ గుంట నింపుతారట. ఆ పైపుకు వచ్చేవి కూడా గుంటలో నీళ్ళే, మోటారు పెట్టి తిప్పుతారు. దసరాకు గుంట అడుగు తేలుతుంది. ఎకనామిక్స్ సారు మొదటి పరీక్షలు కాకముందే మానేశాడు, తర్వాత ఎవరూ రాలేదు. పిల్లలే గైడు చూసి పరీక్షలు రాసుకున్నారు.

"మొదట్లోనే ఎందుకు చెప్పలేదు మే?" అన్నాను.

"నాయన ఆ నీళ్ళ గురించి ఊరంతా చెప్పుకుంటాండె కదన్నా. ఎట్ల చెప్పేది?"

గుర్తింపు గురించి అడగమని మేడం రాసిచ్చిన చీటీ గురించి అప్పుడు దానికి చెప్పాను. అది కాగితాలన్నీ సర్దుకుని చేతిలోకి తీసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నాయనకు మాత్రం చెప్పవద్దని ఇద్దరం అనుకున్నాం. చెల్లెలు కోడుమూరులో ఒక విత్తనాల అంగడిలో పనికి కుదిరింది.

పోయిన ఏడాది ఉల్లి బాగా పండింది. అందరికీ పండింది. యార్డులో ధర పడిపోయింది. కుప్ప పోసి పొద్దుననగా కూర్చున్నాం, నాయన, నేను, సెలవు పెట్టి వచ్చిన చెల్లెలు. వ్యాపారి వచ్చి, గడ్డను కాలితో తన్ని, ఒక మాట చెప్పి వెళ్ళిపోయాడు. కోత కూలి కూడా రాదు. నాయన గడ్డ మీద పొట్టు ఒలుస్తూ చెల్లెలి వైపు తిరిగాడు.

"ఎందుకు పడిపోయింది పాపా ధర? నువ్వు చదివినావు కదా."

చెల్లెలు తల దించుకుంది. "మాకు ఆ పాఠం చెప్పలేదు నాయనా."

"తెలుసు" అన్నాడు నాయన.

నేను ఉలిక్కిపడ్డాను. నాయన మా వైపు చూడకుండా చెప్పుకుపోయాడు. "నువ్వు చేరిన ఏడాదే, ఎండాకాలంలో శనక్కాయలు తీసుకొని మీ కాలేజీ కాడికి వస్తి. గుంట ఎండిపోయి పగుళ్ళిచ్చి ఉండె. చేను లేదు, ఏం లేదు. గేటు కాడ వాచ్‌మన్‌ను అడిగితే సార్లు కూడా లేరనె. శనక్కాయలు వానికే ఇచ్చేసి తిరుక్కొని వస్తి."

"మరి నన్ను పిలవలేదేం నాయనా?"

"మాన్పిస్తే నీకు యాడ బాధయితాదో అనుకుంటి. అందుకే ఆదివారం ఆదివారం అడిగేటోణ్ణి, నీళ్ళెట్లుండాయని. లేవు నాయనా అని ఒక్కసారి అనుంటే, ఆ పొద్దే వచ్చి పిల్చుకొని పోతుంటి."

చెల్లెలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"నువ్వు రమ్మంటే వచ్చేస్తుంటి నాయనా" అంది.