రాయి లోపలి ఊరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. మార్కాపురంలో పలకల కార్ఖానా వెనక పెరిగినదాన్ని. మా ఇంట్లో భయపడాల్సిందల్లా రాతి దుమ్ముకే. ఇప్పుడు జర్మనీలోని ఆకెన్‌లో ఇంజినీరుని, కొలతకు అందనిదాన్ని పట్టించుకోను. అయినా పోయిన మార్చిలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను అద్దెకుండే ఇంటి పై అంతస్తులో మెగన్ అనే పెద్దావిడ ఉంటుంది. పుట్టింది అమెరికాలో, పెన్సిల్వేనియాలోని పలకరాయి గనుల ఊళ్లో. జర్మన్‌ని పెళ్లాడి ఇక్కడ స్థిరపడింది. ఆవిడ ముత్తాత బ్రిటన్‌లోని వేల్స్ నుంచి ఓడెక్కి ఆ గనుల్లో పనికి వచ్చినవాడు. వేల్స్‌లో ఏ ఊరు? అదే ఎవరికీ తెలియదు. ఆయన ఇంటిపేరు అక్కడ వీధికి పదిమందికి ఉంటుందట. పెన్సిల్వేనియా చర్చి పుస్తకాల్లో పుట్టిన ఊరి దగ్గర 'వేల్స్' అని రాసి ఊరుకున్నారు.

అప్పటికే మెగన్‌కు చూపు తగ్గిపోతూ ఉంది. కళ్ల డాక్టరు దగ్గరికి తోడు వెళ్లినప్పుడు నేనే విన్నాను, ఆ వేసవి దాటితే అక్షరాలు కనబడవని. ఆలోగా ముత్తాత ఊరు కళ్లారా చూడాలని ఆవిడ ఆరాటం. పాత రిజిస్టర్లు నేనే చదివి పెట్టేదాన్ని. రెండేళ్లు వెతికినా ఒక్క ఆధారం దొరకలేదు. ఆవిడకన్నా నాకే పట్టుదల ఎక్కువైపోయింది.

ముత్తాత వదిలివెళ్లిన వస్తువు ఒక్కటే, గోడకు వేలాడే పలకరాయి. జానెడు పొడవు, బొటనవేలంత మందం, మీద ఒక్క గీత లేదు. ఓడెక్కేటప్పుడు పెట్టెలో పెట్టుకుని తెచ్చాడట. పారెయ్యొద్దన్నాడే గానీ ఎందుకో చెప్పలేదు.

ఒక ఆదివారం దాని మేకు ఊడితే సరిచేద్దామని తీశాను. అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టి చూశాను. మంచి పలక ఖంగుమంటుంది. ఇది ఒక మూల డొల్లగా పలికింది.

మార్కాపురంలో ఇప్పటికీ పలకలు చీల్చే మా మామయ్యకు ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపించాను.

"ఇంకోసారి కొట్టమ్మా... ఆ మూల. లోపల పొర ఇడిపోయుంది. అట్టానే ఉంచితే ముక్కలు ముక్కలవుద్ది. ఉలి పెట్టి నువ్వే చీల్చెయ్, చిన్నప్పుడు నేర్పిచ్చాగా?"

తప్పు దెబ్బ పడితే ముత్తాత గుర్తు పెంకులైపోతుందని మెగన్‌కు చెప్పాను. ఆవిడ చాలాసేపు రాయి మీద చెయ్యి ఉంచి, "నీ చేతికి పని తెలుసుగా, కానివ్వు" అంది. ఆదివారం సుత్తి మోగితే జర్మన్ పొరుగువాళ్లు ఊరుకోరు కాబట్టి సోమవారం దాకా ఆగాం.

మూడు దెబ్బలకు రాయి రెండుగా విడింది. ఒక సగంలో లోతుగా చెక్కిన అక్షరాలు, అద్దంలో చూసినట్టు తిరగబడి. రెండో సగంలో అవే అక్షరాలు తిన్నగా, ఉబ్బెత్తుగా. ముత్తాత పేరు, కింద ఒక ఊరి పేరు.

ఎవరో చెక్కి అతికించారనుకున్నాను. భూతద్దంతో వెతికాను, జిగురు జాడ లేదు. రెండు సగాలూ కలిపితే వెంట్రుక సందు లేకుండా కూర్చున్నాయి. ఫోటోలు పంపితే మామయ్య వెంటనే ఫోన్ చేశాడు.

"అతికిచ్చింది కాదమ్మా, ఒకటే రాయి. రాయి లోపలి చార ఈ సగంలోంచి ఆ సగంలోకి యాడా తెగలా. నలభై ఏళ్లనుంచి చీలుస్తున్నా, ఇట్టాంటిది చూళ్లేదు."

మేలో ఆవిడతో ఆ ఊరు వెళ్లాను. చర్చి పుస్తకంలో ముత్తాత పేరుంది, చర్చి వెనక ఆయన తల్లిదండ్రుల సమాధులున్నాయి. ముఖం రాతికి ఆనించి ఆవిడే చదువుకుంది. ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడకు వెలుగూ నీడా మాత్రమే తెలుస్తాయి. లోతు అక్షరాల సగం నాకిచ్చేసింది. రోజూ దాన్ని చూస్తాను. ఎన్ని విధాల ఆలోచించినా నా చదువుకు అందడం లేదు.

నిన్న పైకి వెళ్లాను. ఉబ్బెత్తు అక్షరాల సగం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో తడుముతూ, మెగన్ తన ఊరి పేరు పైకి చదువుకుంటోంది.